తిరగేసిన కంచళి

గురువారం నాకు సెలవు.
హాలిఫాక్స్ కొండ మీద మ్యూజియం గోదాములో
గ్లెనిస్ ఇనప సొరుగు లాగుతుంది
నిద్రపోయిన పిల్ల పక్కనుంచి లేస్తున్నట్టు.

తెల్లకాగితం మడతల్లో ఒక కంచళి.
చీటీ మీద: భారతదేశం. లంబాడీ. నూలు, అద్దం, గవ్వ.
చేసినవారు: తెలియదు.

ముందువైపు చాలాసేపు చూశాం.
ఎరుపు మీద పసుపు, పసుపు మీదికి నీలం
సంతలో బేరం కుదరక అరుచుకుంటున్నట్టు.
అద్దాల్లో కిటికీ, కిటికీలో వాన,
వానలో ఎప్పుడో ఆగిపోయిన ఉన్నిమిల్లు పొగగొట్టం
ఇరవై ముక్కలై.
బాగుంది అన్నాను.
బాగుందనడానికి ఏముంది, ఎవరైనా అంటారు.

"తిప్పుదామా?" అంది గ్లెనిస్.
వెన్ను దెబ్బతిన్న మనిషిని పక్కకి దొర్లించినట్టు
నాలుగు చేతులతో,
ఒకటి, రెండు, మూడు.

నేను ఎమర్జెన్సీలో నర్సుని.
పగిలిన నుదుళ్ళు, తాగి పడ్డ మోకాళ్ళు
రాత్రంతా కుడతాను.
కుట్టు చూస్తే చెయ్యి తెలుస్తుంది నాకు.

ఈమెది ఎడమ చెయ్యి.
దారాలన్నీ అటే వాలాయి, గాలికి జొన్నచేనులా.
ముడి వెయ్యదు,
దారం కొసని పాత కుట్ల కిందికి దూర్చి దాచేస్తుంది.
ఇదిగో ఇక్కడ విప్పి మళ్ళీ కుట్టింది,
సూది పొడిచిన బెజ్జాలు ఇంకా తెరిచే ఉన్నాయి,
గుడ్డకి మానడం రాదు కదా.
ఎవరు వంక పెట్టారో. అత్తో, తన కన్నో.

ఇక్కడ, మూడో వరసలో, ఎర్రదారం అయిపోయింది.
అరపువ్వు దగ్గర నారింజ ఎత్తుకుంది.
అంతటితో ఊరుకుందా?
రెండో భుజం మీద, సరిగ్గా అదే వరసలో, అదే రేకు దగ్గర
పక్కన బోలెడు ఎరుపు ఉండగా
కావాలని నారింజే పెట్టింది.

ముందునుంచి చూస్తే అది నమూనా.
వెనకనుంచి చూస్తే
ఒక సాయంత్రం, అడుగంటిన దారపుండ, కాసేపు ఆలోచన.

"చీటీలో ఏం రాయమంటావు?"
పేరు నాకు మాత్రం ఏం తెలుసు.
ఎడమచేతి వాటం అని రాయండి, అన్నాను.
లోటు వస్తే దాన్ని రెండుసార్లు చేసి
అందం కింద జమకట్టిన మనిషి అని రాయండి.
గ్లెనిస్ పెన్సిల్ చెక్కుకుంది.
"మొదటిది రాస్తాను.
రెండోది గడిలో పట్టదమ్మా."

ఆ రాత్రి డ్యూటీలో ఒక కుర్రాడి కనుబొమ్మ.
ఐదు కుట్లు.
నాలుగోది విప్పి మళ్ళీ వేశాను.
"బానే ఉంది కదా" అన్నాడు వాడు,
ఫోను అద్దంలో చూసుకుంటూ.