మైలుతుత్తం కలపకముందు

మా నాయనకు అక్షరాలు తిరగేసే వచ్చు.
టంకశాల వీధి వెనక సందులో
రాతి అచ్చు ప్రెస్సులో పదకొండో ఏట చేరాడు.
రాయి మీద ఎడమగా రాస్తేనే
కాగితం మీద కుడిగా పడుతుంది.
‘క’ ఆయనకు ఎప్పుడూ అవతలి ఒడ్డునుంచే కనిపించేది.
పేపరు చదవాలంటే
అమ్మ చేతి అద్దం అడిగేవాడు.

అదే రాయి మీద
ముక్కుపొడుం చీటీలు, ఆముదం సీసా చీటీలు,
బాంబులు పడతాయి దీపాలార్పండని యుద్ధం నోటీసులు,
అంతకు ముందెప్పుడో రాజుగారి జూబిలీ బొమ్మ.
పనైపోగానే ఇసకా నీళ్ళూ పోసి
ఎల్లారి రాయి అరగదీసేవాడు.
రాజుగారు గంటన్నరలో పోయారు గానీ
మీసం మర్నాటికి గాని పోలేదని
నాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు.

యాభైరెండు సంక్రాంతికి ముందు, ఆ చలిలో,
రాయి మీదికి పడవ వచ్చింది,
గొడుగు వచ్చింది, తక్కెడ వచ్చింది.
చదువు రానివాళ్ళకు గుర్తులట.
“మనిషికి ఒకటే ఓటు. సేటుకీ ఒకటే, ఎల్లారికీ ఒకటే”
అని కంపోజింగు కన్నప్ప చదివి చెబితే
ఎల్లారి ఇసక చల్లడం ఆపి
“సేటుకి తెలుసా?” అన్నాడు.

బంక కాయడం అమ్మ వంతు.
రేషను బియ్యం బుధవారానికే అయిపోయే రోజులు.
డేగిసాలో మైదా కలుపుతుంటే
నలుగురం పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం.
మైలుతుత్తం పడకముందు
అమ్మ నాలుగు గరిటెలు పక్కకు తీసి
పెనం మీద పోసేది.
తక్కెడ పిండి కాస్త పులుపు.
గొడుగాయన పిండిలో పురుగులు.
పడవ దొరసామి నాయుడి పిండి మాత్రం
జల్లించినట్టు, మల్లెపువ్వులా.
మా ఇంట్లో ఆయన ముందే గెలిచాడు.
ఆ తర్వాత నీలం పలుకులు పడేవి.
ఇక అది గోడల తిండి.

రాత్రి నిచ్చెన నాయనది, బకెట్టు అమ్మది,
చీపురు నాది.
చాకలిపేట నుంచి రాయపురం రైలుగోడ దాకా.
గొడుగు అంటించే మునాఫ్ భాయ్
దీపస్తంభం కింద బీడీ ఇచ్చి
“తెల్లారేదాకా మీ పడవ ఉండనిస్తాలే,
మీకూ కూలి రావాలిగా” అనేవాడు.
రాయి మీద ఊళ్ళోకి వచ్చిన పడవ
గోడ మీద సముద్రం వైపు తిరిగి ఉండేది.
నాయన నిచ్చెన దిగి, వెనక్కి నడిచి,
కాసేపు అట్లాగే చూసేవాడు.

ఓటు రోజు, బడి వరండా.
ఆఫీసరు నాయన వేలు పట్టుకుని
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
ఇరవయ్యేళ్ళ సిరా. కొత్త చుక్కకు చోటు లేదు.
“ముందే వేసొచ్చావా?”
వరసంతా నవ్వింది. నాయన నవ్వలేదు.
వెనక ఎల్లారి చెయ్యి చాపాడు,
ఇసకకు గీతలన్నీ అరిగిపోయిన వేళ్ళు,
వాటి మీద చుక్క ఠక్కున కూచుంది.
నాయన కోసం కిరసనాయిలు తెప్పించారు.
గుడ్డతో రుద్దారు, గోరు మొదట్లో
గోధుమగింజంత చర్మం బయటపడింది.
ఆడవాళ్ళ వరసలోంచి అమ్మ చూసింది.
పెళ్ళయ్యాక మొదటిసారట, ఆ వేలి రంగు చూడటం.
దాని మీదే పెట్టారు.

ఎవరికి వేశాడో చెప్పలేదు.
దొరసామి నాయుడికి డిపాజిట్టు పోయింది,
మాకు రావలసిన పదకొండు రూపాయలూ పోయాయి.
మిగిలిన పడవలు మా పుస్తకాలకు అట్టలయ్యాయి,
తెల్లటి వెనకవైపు నేను ఎక్కాలు రాసుకున్నాను.
ఒక రాత్రి నాయన ఒక కాగితం తీసి
లాంతరుకు అడ్డం పట్టాడు.
వెనకనుంచి అక్షరాలు తిరగబడి వెలిగాయి.
అద్దం లేకుండా, తడుముకోకుండా,
మొదటినుంచి చివరిదాకా
గట్టిగా చదివాడు నాయన.

పొయ్యి దగ్గర అమ్మ విని,
“మంచి పిండి,” అంది.
“ఇంకోసారి నిలబడమనండి.”