అన్నం తినే చెయ్యి

రాత్రి రెండూ నలభై. దేవనహళ్లి పక్కన రేకుల షెడ్డులో
ఆరు హైడ్రాలిక్ కాళ్ల మీద
ఒక విమానం మూతి మాత్రమే ఎగురుతోంది.
రెక్కల్లేవు, తోక లేదు, ప్రయాణికుల్లేరు.
చెమట మాత్రం నిజం.

పొన్నప్పకి ఇరవై నాలుగేళ్లు.
చెక్‌లిస్టు నిద్రలో లేపినా అప్పజెబుతాడు.
పన్నెండొందల అడుగుల దగ్గర, వాడి వెనక సీట్లోంచి
తెర మీద ఒక చిన్న గడిని వేలితో తాకాను.
ఎడమ ఇంజను చచ్చిపోయింది.

ముందు వణుకు, తర్వాత గంట, తర్వాత ఎర్ర దీపం.
సంతలో చెయ్యి విడిపించుకునే పిల్లలా
ముక్కు ఎడమకి లాగుతోంది.
వాడి కుడికాలు సరిగ్గానే తొక్కింది.
కాలికి తెలుసు.
చేతికే తెలియలేదు:
నాలుగు సెకన్లలో, బతికున్న ఇంజను గొంతు నులిమేసింది.

"మేడమ్, రెండూ పోయాయి" అన్నాడు కుడిసీటు కుర్రాడు.
లేదు నాయనా. ఒకటి పోయింది.
ఒకటి పోగొట్టారు.

నంది కొండ బొమ్మ తెరంతా పెరిగి
ఎర్రగా గడ్డకట్టింది.
"రీసెట్టా మేడమ్?" అన్నాడు ఓబులేసు,
హిందూపురం మనిషి, ఆపరేటరు బల్ల దగ్గర్నించి,
ఇంకో కప్పు టీ పొయ్యమంటారా అన్నట్టు.

ఆగు.

మా నాయనమ్మని ఎవరైనా దారి అడిగితే
గాల్లో ఒక ముద్ద కలిపి చూసుకుని చెప్పేది.
కుడిచే చెయ్యి కుడి, దానికి చదువెందుకే అనేది.
పొద్దున నిదానమే ప్రధానం,
సాయంత్రానికి ఆలస్యం అమృతం విషం.
రెండూ ఒకేసారి నిజమయ్యే గది ఒకటుందని
ఆమెకి తెలియకుండానే పోయింది.

జక్కూరులో నాకు ఎగరడం నేర్పిన డిక్రూజ్,
ఇంజను ఆగితే ముందు వాచీకి కీ ఇచ్చుకో అనేవాడు.
ముసలాయన చాదస్తం అని నవ్వేవాళ్లం.
కీ ఇచ్చే వాచీలే పోయాయి.
ఆ మూడు తిప్పుల వ్యవధి ఎందుకో
నాకు పదకొండేళ్ల కిందట,
డిసెంబరు మంచులో, ఇదే ఊరి రన్‌వే వదిలాక తెలిసింది.

కుడి ఇంజను దగ్గింది.
నా చెయ్యి ఎడమ లివరు మీద పడింది.
వెనక నూట అరవై రెండు మంది, ఇంకా బెల్టులు విప్పలేదు.
నా చేతి మీద ఇంకో చెయ్యి.
గట్టిగా కాదు. చల్లగా.
"ఏది కెప్టెన్?" అంది లిడియా.
తప్పు అనలేదు. అడిగింది.

రిపోర్టులో ఆ ఇంజను బ్లేడు గురించి మూడు పేజీలున్నాయి.
ఆ చెయ్యి గురించి ఒక్క వాక్యం లేదు.
నేనూ రాయించలేదు.
అది ఆమె ఎడమ చెయ్యి,
దాంతో ఎవరికీ ఏమీ ఇవ్వకూడదని
నాయనమ్మ మా వీపులు వాయగొట్టిన చెయ్యి.

పొన్నప్ప చెవులు ఎర్రబడ్డాయి.
తిట్టు కోసం ఎదురుచూస్తూ
తన కుడి అరచేతిని ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు,
ఎంగిలైనట్టు.

వాణ్ణి కాదు, పక్కవాణ్ణి అడిగాను:
"నీ ఎడమ చెయ్యి అప్పుడెక్కడుంది బాబూ?"

వాడు ఒళ్లో చూసుకున్నాడు.

ఓబులేసూ, ఇప్పుడు వెయ్యి.