కొసరు

పైసాందులో నది వైపు దిగే వీధి చివర మా షెడ్డు.
వరదలో మూడు రోజులు మునిగి లేచిన మోరిస్ కారు,
యాభై ఒకటి నాటిది,
తాడు కట్టి లాక్కొచ్చారు.
బాగుచేద్దామన్నాను నేను.
నెలీదా అట్టముక్క మీద లెక్క వేసి
పెన్సిలు చెవి వెనక దోపుకుంది:
"బిగిస్తే అప్పు. విప్పితే అద్దె."

ఆ చలికాలం అద్దె అదే కట్టింది.
కార్బురేటరు సాల్తో వెళ్ళింది,
ఎడమ తలుపు ఓ పశువుల డాక్టరుకి,
స్టీరింగు, బేరం ఆడటం రాని ఒక పెళ్ళికొడుక్కి.
హారన్ని మాత్రం ఎవరూ అడగలేదు.
నీళ్ళు తాగిన గొంతు,
జలుబు చేసిన బాతులా అరిచేది.
చివరికి బిదెగాయిన్ ముసలాయన రేడియేటరు మూత కొంటే
కొసరుగా అదీ సంచిలో వేశాను.

మిగిలిన డొల్లని పాత ఇనుము వాళ్ళు
తూకానికి పట్టుకుపోయారు.
పద్దు పుస్తకంలో ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టింది నెలీదా,
రూళ్ళకర్ర పెట్టి మరీ.
ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

నిన్న సాయంత్రం
వంతెన దగ్గర లారీ అడ్డం తిరిగి
బళ్ళన్నీ నిలిచిపోయాయి.
దారి వదిలాక
వెనక నుంచి
అదే బొంగురు.

తల తిప్పి చూశాను.
పుచ్చకాయలు నింపిన పికప్పు,
అద్దం వెనక ముసలాయన మనవరాలు,
మండిపోతోంది నా మీద.

చేయి గేరు మీదే ఉంది.
కదలలేదు నేను,
ఇంకొక్కసారి
తిట్టించుకుందామని.