మూడునూర్ల పన్నెండు

మొదట మూడునూర్ల ఇరవై బాతులు.
ఎనిమిది పోయినాయి.
రొండిట్ని నక్క ఎత్తకపోయింది,
ఒగటి స్వర్ణముఖి కాలవలో కొట్టకపోయింది,
తక్కినవి ఎట్ట పోయినాయో నాకే తెలీదు.
పోయిన బాతు ఆసామి పుస్తకంలో చావదు.
ఆడ నెలనెలా గుడ్లు పెడతానే ఉంటాది.
ఆ గుడ్లు కూడా మా అప్పే.

మామ చచ్చినప్పుడు పాడెకీ సారాయికీ
మా ఆయన తెచ్చింది అయిదువేలు.
ఏడేండ్లు తోలినాక ముప్పై ఎనిమిది వేలంట.

ఏర్పేడులో కోతలైతే ఏర్పేడు,
తొట్టంబేడులో కోతలైతే తొట్టంబేడు.
కోసిన కయ్యల్లో రాలిన గింజ, నత్త, పురుగు వాటికి.
వాన పడితే తడికె వాటికి,
యూరియా గోతం మాకు.
అంకయ్య మాత్రం మాతో తిరగడు.
వాడు ఆసామి ఇంటికాడ పేడ ఎత్తతా తాకట్టులో ఉండాడు.
బంగారం లేనోళ్ళు ఇంకేం పెడతారు?

గుడ్లు కొనను ఎక్సెల్ బండి మీద వచ్చేవాడు మస్తాను.
ఒకనాడు అట్టలో ముప్పై ఎంచి
ముప్పై ఒగటోది నా చేతిలోనే పెట్టి అన్నాడు:
"చెంగమ్మా, అప్పుకి మనిషిని కట్టేయకూడదని
ఎప్పుడో చట్టం చేసినారు, నేను పుట్టకముందే."
నేను నవ్వినా.
అన్నేండ్లయినా మా గుడిసెకి దానికి దోవ తెలీలేదా?
వాడు నవ్వలేదు.
"కుప్పం క్వారీలో తొమ్మిదేండ్లు రాయి కొట్టినా,
నాకూ తెలీదు అప్పుడు" అని
ఎడమచెయ్యి చూపించినాడు.
బొటనవేలు లేదు.

మరుసటి వారం అట్ట అడుగున బొగ్గుతో
ఒక టెంపో, ఒక నల్ల గుండు.
నాకు చదువు రాదు. అమావాస్య అర్థమైంది.

బాతులకి చీకటంటే అనుమానం.
కొత్త అడుగు పడిందంటే మూడునూర్ల నోళ్ళు అరస్తాయి.
ఆసామికి కాపలా కుక్కలెందుకు?
నేను తడికె కాడ కూసోని రోజూ మాదిరే
బా... బా... అంటా సన్నంగా ఎంచినా.
నా గొంతు వినపడినంతసేపు అవి కదలవు.
మా ఆయన పోయినాడు, అత్త పోయింది,
పక్క గుంపు పోలమ్మ ఇద్దరు బిడ్డల్తో పోయింది.
నేను ఎంచతా ఉండా.
గట్టు దాటినా ఎంచతా ఉండా,
గొంతు తగ్గించి, ఇంకా తగ్గించి,
టెంపో కదిలినాక గానీ నోరు మూయలేదు.
లోపల అట్టల వెనకాల అంకయ్య.
సాయంత్రమే ఎక్కించి తెచ్చినాడంట మస్తాను.
నన్ను చూసి వాడు ఏడవలేదు.
పేడ చేతులు వెనక్కి దాచుకున్నాడు.

తిరుపతిలో ఆఫీసు.
కిటికీ అవతల కొండకి పొయ్యే బస్సులు,
గోవిందా గోవిందా.
మేడం అడిగింది, "ఎంతమందమ్మా మీరు?"
"మూడునూర్ల పన్నెండు" అన్నా.
రాసుకునే ఆయన పకపకా నవ్వినాడు.
ఆమె పెన్ను కింద పెట్టి, కొంచేపాగి, మళ్ళా అడిగింది.
అప్పుడు ఒక్కొక్కరి మొగం చూసి వేళ్ళు ముడిచినా.
ఏడుగురం.
ఏడు ఇంత చిన్న లెక్కని నాకు అప్పటిదాకా తెలీదు.

విడుదల కాయితం చూరులో ఉంది, నూనె కవర్లో చుట్టి.
ఇస్తామన్న డబ్బు ఇంకా రాలేదు.
తెల్లారి నాలుక్కి మెలకువ మాత్రం వస్తాది,
ఎంచను ఏమీ లేక
పక్కన పండుకున్నోళ్ళనే ఎంచుకుంటా.

ఇప్పుడు ఎండుచేపలు అమ్మతా.
ఇటుక బట్టీలు, మామిడి తోటలు, యాడికైనా పోతా.
చేపలదాన్ని ఎవరూ ఆపరు.
ధర చెప్పేదానికి ముందే అడగతా,
"మీ పిల్లోడు యాడుండాడమ్మా?"
కొందరు వాసన బాలేదని పొమ్మంటారు.
కొందరు గంప దించను చెయ్యి పడతారు.

ఆ రాత్రి మేము వదిలేసిన బాతులు
ఊరికే ఉండవు గదా.
ఎవరో ఒకరు తోలాల.
పోయిన వారం తొట్టంబేడు కయ్యలకాడికి పోయినా.
తడికె వెనకాల ఎవరో ఆడమనిషి,
బా... బా... అంటా ఎంచతా ఉంది.
గంప దించి,
ఆమె లెక్క అయిందాకా
గట్టు మీద కూసున్నా.