మొదటి పావుగంట

నాలుగో నంబరు మంచం సూరీడమ్మది.
పొందూరు నుంచి తెల్లారి బస్సుకి శ్రీకాకుళం దిగేది
చంకలో రిపోర్టుల కవరు,
కొంగుకి అంటుకొచ్చిన దూది.

సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకునేది కాదు.
"తెగిన పోగుని ముడేసుకున్నోళ్లం,
సూదికి జడుస్తామేటి?"

జడిసేది ఆవిడ కాదు
ఆవిడ రక్తం.

గొట్టం దాటి, బోలు పోగుల్లోకి దిగి
గోడని ఒకసారి తడిమేది.
మనది కాదు.
అంతే
నిద్రపోతున్న ప్రోటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుకునేవి.
తెల్లకణాలు కర్రలందుకుని ఉరికేవి,
గోడ మీదికి కాదు
ఊపిరితిత్తుల ఇరుకు సందుల్లోకి.
దొంగ లేడు
కేక మాత్రం నిజం.

పావుగంటకి తీసిన చుక్కలో
తెల్లకణాల లెక్క సగానికి సగం పడిపోయేది.
"గుండెల మీద రోకలెట్టినట్టుందమ్మా."
దుప్పటి కప్పి, ఆక్సిజన్ పెట్టి
నేను గడియారం చూసేదాన్ని.
గంట తిరిగేసరికి వచ్చేవి అన్నీ,
తప్పుడు కబురుకి పరిగెత్తిన వాళ్లలా
తలొంచుకుని.

ఓసారి వాడని ఫిల్టరొకటి చేతికిచ్చాను.
వెలుతురుకెత్తి చూసింది
"వంద కౌంటు కన్నా సన్నం. ఏ పత్తి?"
పత్తిదేనని ఎలా పోల్చిందో!
నలభై ఏళ్లు వాలుగ చేప దవడతో
దూది దువ్విన వేళ్లు అవి.
"ఒంటి మీదేసుకుంటే సల్లగుంటాది.
ఒంట్లోకొస్తే కరుస్తాదేటి?"

చర్మానికున్న చుట్టరికం రక్తానికి లేదు
అని చెప్పబోయి ఊరుకున్నాను.

అప్పట్లో ఫిల్టర్లు కడిగి మళ్లీ వాడేవాళ్లం
ప్లాస్టరు ముక్క మీద పేరు రాసి.
రెండోసారికి రోకలి బరువు తగ్గేది
మూడోసారికి కునుకు తీసేది.
ఎంత కడిగినా పోని పలచటి పొర,
ఆవిడ రక్తమే గోడకి పూసి వెళ్లింది;
తన పూతని తనే గుర్తుపట్టి
గొడవ లేకుండా నడిచిపోయేది.
నేను పుస్తకంలో వెతికి చదివిన సంగతి
ఆవిడ పక్క మీంచే తేల్చేసింది
"కొత్త సీరకి గంజి పోవాల కదమ్మా,
పాతదే కట్టు."

ఇప్పుడు పత్తి పోగులు రావడం లేదు.
ఎవరికి వాళ్లకి, పూటకొకటి,
వాడి పారేసే కొత్త రకం.
రక్తం దాన్ని చూసి కేకెయ్యదు,
మహా అయితే గొణుగుతుంది.
సూరీడమ్మకే నమ్మకం కుదరలేదు.
పావుగంట గడిచింది, అరగంట గడిచింది
రోకలి రాలేదు, వణుకు రాలేదు.
నన్ను పిలిచి చెవిలో అడిగింది
"ఇది కడుగుతున్నాదా నేదా?
ఏటీ తెలీడం నేదు."

తెలియకపోవడమే దాని పని, అన్నాను.
ఒప్పుకోలేదు.
రెండు వేళ్ల మధ్య గొట్టం పట్టుకుని
నూలు సాపు చూసినట్టు
వెచ్చదనం చూస్తూ పడుకుంది.

నాకూ పాత అలవాటే.
ఏ మంచం మీద ఎవరున్నా
మొదటి పావుగంట
నేను కుర్చీలో కూర్చోను.