క్షణికావేశం

ఒకే రాత్రి రెండు కత్తిపోట్లు.
ఒకటి ఆనందపేటలో,
ఒకటి బ్రాడీపేట నాలుగో లైనులో.
రెండు కత్తులూ పట్నంబజారులో కొన్నవేనట,
ఎస్సై ఫోనులో చెప్పాడు, ఆవులిస్తూ.

డెస్కులో నేనే.
బ్రాడీపేట కుర్రాడికి ‘క్షణికావేశం’ అని రాశాను.
ఎంసెట్ ర్యాంకు, మంచం పట్టిన తల్లి,
‘తలెత్తి మాట్లాడడండీ’ అన్న పక్కింటావిడ,
అన్నిటికీ చోటు దొరికింది.
పేరు ఆరో పేరాలో.

ఆనందపేటవాడి ఆవేశం క్షణికం కాలేదు.
పేరే శీర్షికయింది.
గడ్డమున్న ఫొటో దొరికేదాకా
విలేకరిని నిద్రపోనివ్వలేదు.
‘విదేశీ కాల్స్‌పై ఆరా?’
వాళ్లన్న దుబాయ్‌లో ఏసీలు బిగిస్తాడని తెలుసు.
తెలిసే, చివర ప్రశ్నార్థకం తగిలించాను.
ప్రశ్నార్థకం మీద ఎవరూ కేసు పెట్టరు.

పోయినవాళ్లిద్దరికీ మాత్రం
సమానంగా ఒక్కో లైను.

పేజీ పెడుతున్న నాగుల్ మీరా
తెర మీంచి కళ్లు తిప్పలేదు.
‘హెడ్డింగు ఎన్ని పాయింట్లు సార్?’
‘అరవై.’
‘రెండోదానికి?’
‘ఇరవై నాలుగు. సింగిల్ కాలం.’
టక టక.
ఒక పేరు పెరిగింది.
ఒక పేరు ఒదిగి కూర్చుంది.

పన్నెండున్నరకి ప్లేట్లు వెళ్లాక
లాడ్జి సెంటర్లో టీ తాగాం.
డబ్బులు అతనే ఇచ్చాడు.
చిల్లర లెక్కపెట్టుకుంటూ అన్నాడు,
‘మా పెద్దాడికి గడ్డం వస్తోంది సార్.
రోజూ గీసుకోమంటున్నా.’

అప్పటికింకా తెనాలి వాను కదల్లేదు.
ఆపడానికి ఒక్క క్షణం చాలు.

నాకు ఆవేశమే రాలేదు.