లోపలి కుట్టు

ఇష్‌బెల్ కౌవీ నోట్లో ఎప్పుడూ ఏడు గుండుసూదులుంటాయి,
అందుకే మాటలు పొదుపు.
స్కాట్లండ్ ఉత్తరాన, గోడల్లోకి సముద్రం వాసన ఇంకిన ఊళ్ళో
బట్టలు సరిచేసే కొట్టు ఆమెది.
పైన రెండు గదులు. చిన్నదానికి అద్దె కట్టేది నేను.
పగలు చేపల ఫ్యాక్టరీలో ఐసు తోడతాను,
రాత్రి ఆమె ఎదురుగా కూచుని ఇంగ్లీషు దిద్దుకుంటాను.

ఆ చలికాలమంతా ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను:
టేక్ ఇన్.
టేక్ అంటే తీసుకోవడం. ఇన్ అంటే లోపల.
విడివిడిగా ఇద్దరూ బుద్ధిమంతులే.
కలిస్తేనే అల్లరి.

మొదటి అర్థం ఒక ఊదారంగు స్కర్టు.
రొయ్యల పడవ వాళ్ళావిడ జబ్బుపడి లేచింది,
నడుము మూడంగుళాలు తగ్గింది.
ఇష్‌బెల్ టేపు చుట్టి, పక్క కుట్లు విప్పి,
ఎక్కువైన గుడ్డని లోపలికి మడిచి సూది దింపింది.
దాన్ని అలా అంటారట.
"కత్తిరించవా?" అన్నాను.
సూదుల సందులోంచి: "ఊఁహూఁ. మనిషి మళ్ళీ పుంజుకుంటే?"

రెండోది వాన.
పక్కింటి కిటికీలోంచి కేక,
దండెం మీది దుప్పట్లు మా చేతుల్లో పడి లోపలికి పరుగు.
అదీ అదే మాట.
"మా అమ్మ ఊళ్ళోవాళ్ళ మురికి ఉతికి మమ్మల్ని పెంచింది,
దాన్నీ అలాగే అంటారు" అంది, మడతపెడుతూ.
వానకి తెచ్చుకున్నవి మనవి, ఆకలికి తెచ్చుకున్నవి పరాయివి.
మాటకి ఆ తేడా పట్టలేదు.

పట్టలేదు అనుకోగానే నవ్వొచ్చింది.
నా భాషకీ ఒక పట్టు ఉంది కదా:
జలుబు పడుతుంది, నిద్ర పట్టదు,
ఇనుముకి తుప్పు, పాలకి మీగడ,
చంటిదానికి పాలు పడతాం, పొద్దుపోతే ఇంటిదారి పడతాం,
చెయ్యి మాత్రం ఖాళీగానే ఉంటుంది.
ఇదంతా ఆమెకి చెప్పబోయి, ఇంగ్లీషు చాలక,
పిడికిలి మూసి తెరిచి చూపించాను.
అర్థమైనట్టు తలాడించి
దారం రీలు అందించింది.

డెస్మండ్ టారంట్ సంగతి నాకంటే ముందుది.
నవంబరులో కోటు లేకుండా వచ్చాడట, పళ్ళన్నీ నవ్వుతూ.
ఇప్పటి నా గదిలోనే పెట్టుకుంది. టేక్ ఇన్.
కప్పు బాగుచేయిస్తానని పదకొండు వందల పౌన్లు పట్టుకెళ్ళి
గురువారం వస్తానన్నాడు.
ఏ గురువారమూ రాలేదు.
పోలీసు రాసుకుంటూ అన్నదీ ఆ రెండు ముక్కలే,
ఈసారి మోసపోయింది అని.
"నేనతన్ని, అతను నన్ను. చెల్లుకి చెల్లు"
అని ఇష్‌బెల్ నవ్వుతుంది.
వాన పడ్డప్పుడల్లా నా మంచం పక్క బకెట్టు
టక్ టక్ మంటుంది, దానికి నవ్వు రాదు.

మార్చిలో, తెల్లవారుజామున,
ఆమె తమ్ముడు మర్డో పడవ నీళ్ళు తీసుకుంది.
పడవకీ అదే మాట.
హార్బరు మనిషి టోపీ చేత్తో పట్టుకుని రెండుసార్లు చెప్పాడు.
మూడోసారి మెల్లగా.
ఆమె ఎవరిదో పాంటు అంచు కుడుతూనే ఉంది.
అతను నా వైపు వంగి, గొంతు తగ్గించి,
"ఇంకా టేక్ ఇన్ చేసుకోలేదు" అన్నాడు.
ఆ రాత్రి నిఘంటువు తెరవలేదు నేను.
పడవలోకి వెళ్ళింది మనిషిలోకి వెళ్ళలేదు, అంతే.

మే నెలలో మేకు మీంచి మర్డో కోటు దించింది.
నీలం ఉన్నిది, రెండు తలుపులంత వెడల్పు.
మూడు రాత్రులు విప్పి, మడిచి, తన కొలతకి తెచ్చుకుంది.
లోపల మిగిలిన గుడ్డ చాలా ఉంది,
పక్కటెముకల దగ్గర పొట్లంలా చేతికి తగులుతోంది.
"ఇంత బరువెందుకు? కత్తిరించెయ్యకూడదూ?"

నోట్లోంచి సూదులన్నీ ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చింది.
ఏడూ.
"ఏమో, రేపు నేను లావెక్కొచ్చు" అంది.
కోటు తొడుక్కుని
రొట్టె కొనడానికి వెళ్ళింది.